వైఫై కంట్రోలర్ ఏర్పాటు, నిర్వహణపై కళాశాల పాలక మండలి తీర్మానం

విషయం: వసతి గృహాలు, గ్రంథాలయం, తరగతి గదుల వైఫైకి ఒకే కంట్రోలర్ యంత్రాన్ని నెలకొల్పడం, దాన్ని నడిపే పద్ధతి.

గ్రంథపాలకులు, వార్డెన్లు సమర్పించిన నివేదికలను మండలి పరిశీలించింది. వరండాల్లోని రూటర్లు ఇప్పుడు దేనికది విడిగా నడుస్తున్నాయి. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానిలోకి ఒకటి చొరబడని చానళ్లు 1, 6, 11 మాత్రమే. పక్కపక్క రూటర్లన్నీ ఒకే చానల్ మీద పడటంతో ఒకటి పంపుతుంటే మిగతావి ఆగుతున్నాయి. విద్యార్థి గ్రంథాలయం నుంచి హాస్టల్‌కు చేరినా ఫోను పాత రూటర్‌నే పట్టుకుని ఉంటోంది. ఉపకార వేతనం దరఖాస్తుకు ఆదాయ ధ్రువపత్రం అప్‌లోడ్ చేయడానికి బాలికలు రాత్రిపూట మెట్ల మీద, రూటర్ కింద గుమికూడుతున్నారని వార్డెన్ రాశారు. చదువుకోవడానికి వచ్చిన పిల్లలకు ఈ అగచాట్లు తప్పించడం ఈ మండలి బాధ్యత.

అందువల్ల విడి రూటర్లను తొలగించి, ఒకే కంట్రోలర్ కింద వైఫై సిగ్నల్ అందించే యాక్సెస్ పాయింట్లు బిగించాలని తీర్మానించడమైనది. చానల్, సిగ్నల్ బలం కంట్రోలరే నిర్ణయించాలి. దేశం సెట్టింగ్‌లో ఇండియానే ఎంచుకోవాలి. 5 గిగాహెర్ట్జ్‌లో లైసెన్సు అక్కర్లేని పరిధిని కేంద్రం 2018 అక్టోబరులో విస్తరించింది కనుక, కొత్త ఫోన్లను వీలైనంతవరకు అటే మళ్లించాలి. స్విచ్ నుంచి యాక్సెస్ పాయింట్‌కు రాగి కేబుల్ 100 మీటర్లు మించకూడదు. కరెంటు కూడా ఆ కేబుల్‌లోనే వెళ్తుంది కాబట్టి, స్విచ్ ఒక్కో పోర్టుకు 30 వాట్ల వరకు ఇవ్వగలిగినదై ఉండాలి.

బిగించే క్రమంపై కంప్యూటర్ విభాగం సూచనలను ఉన్నవి ఉన్నట్టుగా ఆమోదించడమైనది. ముందుగా కంట్రోలర్ గడియారాన్ని టైమ్ సర్వర్‌తో సరిచూడాలి. యాక్సెస్ పాయింట్, కంట్రోలర్ పరస్పరం డిజిటల్ సర్టిఫికెట్లు చూసుకున్నాకే కలుస్తాయి. తేదీ తప్పితే మంచి సర్టిఫికెట్ కూడా చెల్లదు. ఎంతసేపటికీ కలవకపోతే యంత్రాన్ని తిట్టుకునే ముందు తేదీ చూడాలి. యాక్సెస్ పాయింట్, కంట్రోలర్ మధ్య 5246, 5247 యూడీపీ పోర్టులు వాడే కాప్‌వాప్ ప్రోటోకాల్ రకమైతే, ఫైర్‌వాల్‌లో ఆ రెండూ తెరవాలి. కలిసిన వెంటనే, అవసరమైతే యాక్సెస్ పాయింట్ సాఫ్ట్‌వేర్ దింపుకుని తనంతట తానే రీస్టార్ట్ అవుతుంది. ఆ సమయంలో ఎవరూ ప్లగ్ పీకకూడదు.

అన్నిటికన్నా ముఖ్యమైన అంశం అధికారం ఎవరి చేతిలో ఉండాలన్నది. గతంలో రూటర్లు బిగించిన వారు పాస్‌వర్డ్‌లు తమ దగ్గరే ఉంచుకున్నారు. ఒప్పందం ముగిశాక సొంత పరికరాన్ని కళాశాలే తెరవలేకపోయింది, చివరికి సెట్టింగ్‌లన్నీ చెరిపి మొదటి నుంచి పెట్టాల్సి వచ్చింది. ఇది మళ్లీ జరగడానికి వీల్లేదు. అడ్మిన్ ఖాతా కళాశాల పేరిటే ఉండాలి. ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌ను తొలిరోజే మార్చి, కొత్తదాన్ని సీలు వేసిన కవరులో ప్రిన్సిపాల్ బీరువాలో భద్రపరచాలి. సెట్టింగ్‌ల బ్యాకప్ ప్రతి వారం తీసి, కంట్రోలర్‌లో కాక వేరేచోట దాచాలి. బిల్లుల చెల్లింపుకు ముందు మన ల్యాబ్ సహాయకులు ఆ బ్యాకప్ నుంచి యంత్రాన్ని తిరిగి నిలబెట్టి చూపాలి. అది చూడనిదే చివరి వాయిదా విడుదల చేయరాదు.

క్లౌడ్ ద్వారా నడిచేది తీసుకుంటే ఖర్చు తగ్గుతుందని సభ్యులొకరు సూచించారు. లైసెన్సు గడువు తీరితే నెట్‌వర్కే ఆగిపోయే రకాలు ఉన్నందున, కళాశాలలోనే ఉండే యంత్రానికి మండలి మొగ్గు చూపింది. కంట్రోలర్ ఆగినా యాక్సెస్ పాయింట్లు అప్పటికే కలిసిన ఫోన్లకు సేవ కొనసాగించే రకమే కొనాలి. యంత్రానికి యూపీఎస్ తప్పనిసరి. పరీక్షల రోజుల్లో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేయరాదు.

అందరికీ ఒకే పాస్‌వర్డ్ ఇచ్చే పద్ధతి రద్దు. ప్రతి విద్యార్థికి విడి లాగిన్, అతిథులకు వేరే నెట్‌వర్క్ ఉండాలి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ ఆదేశాలను అనుసరించి లాగ్‌లు 180 రోజులు భద్రపరచాలి. అయితే వాటిని చూడటానికి ప్రిన్సిపాల్ లిఖిత అనుమతి ఉండాలి. పిల్లలపై నిఘాకు ఈ యంత్రాన్ని వాడటాన్ని మండలి అంగీకరించదు.

టెండరు పత్రంలో పై షరతులన్నీ చేర్చాలని కార్యదర్శిని ఆదేశించడమైనది. బాలికల వసతి గృహంలో పని ముందుగా మొదలుపెట్టాలి.

ప్రతిపాదన: గ్రంథపాలకులు. బలపరచినవారు: బాలికల వసతి గృహ వార్డెన్. ఏకగ్రీవంగా ఆమోదించడమైనది.