ఎయిడ్స్ టీకాకు కుదరని అనుపానం

కరోనాకు ఏడాదిలో టీకా తెచ్చినవారు ఎయిడ్సుకు నలభై ఏళ్ళయినా ఎందుకు తేలేకపోయారని నన్ను తరచుగా అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్నే. అయితే ఆ వెంటనే కొందరు, “వారి వల్ల కాలేదంటే మన మూలికలలోనే దీనికి మందు ఉండి ఉంటుంది” అంటారు. ఆ మాట నాకు భయం కలిగిస్తుంది.

అనుపానం అంటే మన పాఠకులకు వివరించనక్కరలేదు. శొంఠిపొడిని తేనెతో ఇస్తాము, మరొక చూర్ణాన్ని వేడినీటితోనో పాలతోనో ఇస్తాము. తాను కలిసిన ద్రవ్యపు గుణాన్ని మోసుకొనిపోయే తేనెను చరకుడు యోగవాహి అన్నాడు. ఆ తేనెకే సమభాగంగా నెయ్యి కలిపితే విరుద్ధమని కూడా ఆయనే హెచ్చరించాడు. మందును మోసే వస్తువు కేవలం తీపి కోసం కాదు. దానికీ ఒక స్వభావం ఉన్నది.

ఆధునిక శాస్త్రజ్ఞులు ఎయిడ్స్ టీకాకు వైరస్‌నే అనుపానంగా ఎంచుకున్నారు. బలహీనపరచిన హెచ్.ఐ.వి.ని మనుషులకు ఇవ్వడం సాహసం, ఎందుకంటే అది తన జన్యువును మన కణాలలో శాశ్వతంగా నాటుకుంటుంది. అందుచేత జలుబు కలిగించే అడినోవైరస్‌ను తీసుకొని, అది శరీరంలో వృద్ధి చెందకుండా చేసి, హెచ్.ఐ.వి. జన్యువులలో కొన్నింటిని మాత్రమే దానిలో చేర్చారు. ఆ వాహకం కణంలో ప్రవేశించగానే కణం ఆ మాంసకృత్తులను తయారు చేస్తుంది, రోగనిరోధక శక్తి వాటిని శత్రువులుగా గుర్తుంచుకుంటుంది. పూర్తి హెచ్.ఐ.వి. దానిలో లేదు కనుక ఆ టీకా వలన ఎయిడ్స్ రాదు. ఈ సంగతి ముందే చెప్పడం అవసరం, ఎందుకంటే దీని తరువాత చెప్పబోయేది విని చాలామంది అపార్థం చేసుకుంటారు.

మెర్క్ సంస్థ తయారు చేసిన ఇటువంటి టీకాను అమెరికా ఖండాలలోను, కరీబియన్ దీవులలోను, ఆస్ట్రేలియాలోను 3,000 మంది స్వచ్ఛంద సేవకులపై పరీక్షించారు. స్టెప్ అని పేరు పెట్టిన ఆ పరీక్ష 2004 చివర మొదలైనది. ఎంచుకున్న వాహకం అయిదవ రకం అడినోవైరస్. 2007 సెప్టెంబరులో మధ్యంతరంగా లెక్కలు చూడగా టీకా వలన ప్రయోజనం లేదని తేలింది, వెంటనే సూదిమందు ఆపివేశారు. తరువాత తేలిన లెక్క మరింత కలవరపెట్టేది. టీకా పొందిన 914 మంది పురుషులలో 49 మందికి హెచ్.ఐ.వి. సోకగా, ఉత్తుత్తి మందు పొందిన 922 మందిలో 33 మందికి సోకినది. ఆ హెచ్చు ముఖ్యంగా సున్తీ లేనివారిలోను, పూర్వం ఎప్పుడో జలుబు రూపంలో అదే అడినోవైరస్ సోకి దానికి ప్రతిరక్షకాలు ఉన్నవారిలోను కనబడింది. వారికి హెచ్.ఐ.వి. సోకినది లైంగిక సంబంధాల వలననే, టీకా వలన కాదు. అయితే తెలిసిన వాహకం మళ్ళీ రాగానే శరీరంలో సీ.డి.4 కణాలు రేగి ఉండవచ్చునని, హెచ్.ఐ.వి.కి కావలసిన ఆహారం ఆ కణాలే గనుక దానికి దారి సులువై ఉండవచ్చునని శాస్త్రజ్ఞుల అనుమానం. దక్షిణాఫ్రికాలో అదే టీకాతో మొదలైన పరీక్షను 801 మంది చేరేసరికి నిలిపివేశారు.

ఈ వాహకం కథ అక్కడితో ముగియలేదు. 2021లో మన హైదరాబాదు డాక్టర్ రెడ్డీస్ ద్వారా దేశంలోకి వచ్చిన స్పుత్నిక్ కరోనా టీకా రెండవ మోతాదులో ఉన్నదీ ఆ అయిదవ రకమే. స్టెప్ పరీక్ష నడిపిన శాస్త్రజ్ఞులే 2020లో దీనిపై హెచ్చరిక ప్రచురించారు, 2021లో దక్షిణాఫ్రికా ఆ టీకాకు అనుమతి నిరాకరించింది. ఆ కరోనా టీకా వలన అటువంటి హాని రుజువైనదని కాదు, వేసుకున్నవారు బెంగపడనక్కరలేదు. కోవిషీల్డుకు మాత్రం మనుషులకు అంతగా పరిచయం లేని చింపాంజీ అడినోవైరస్‌ను వాడారు. ఆ ఎంపికలోని ముందుచూపు ఇప్పుడు మీకు బోధపడే ఉంటుంది.

వాహకం మార్చినా ఎయిడ్స్ టీకా ఫలించలేదు. పక్షులకు వచ్చే మశూచి వైరస్‌ను వాహకంగా వాడిన టీకా 2009లో థాయిలాండులో 31 శాతం రక్షణ చూపి ఆశ పెంచింది. అదే మార్గం దక్షిణాఫ్రికాలో 2020లో విఫలమైనది. ఇరవైయారవ రకం అడినోవైరస్ టీకాలు కూడా 2021లోను, 2023లోను నిరాశే మిగిల్చాయి. మన దేశంలో పుణేలోను, చెన్నైలోను చిన్న పరీక్షలు జరిగి అక్కడే ఆగిపోయాయి. క్షణక్షణం పైతొడుగు మార్చుకునే శత్రువుకు అనుపానం ఒక్కటి కుదిరితే చాలదు.

అయినా నేను ఆ శాస్త్రజ్ఞులను గౌరవిస్తాను. తమ మందు పనిచేయలేదని వారే లెక్కకట్టి, టీకా పొందినవారెవరో వారికి చెప్పి, ఆ అంకెలను లోకం ముందు పెట్టారు. మా ఆయుర్వేద రంగంలో ఎయిడ్సుకు కషాయం అమ్మేవారిలో ఎవరైనా ఎంతమందికి ఇచ్చారో, ఎంతమంది చనిపోయారో చెప్పారా? ఔషధ నిబంధనల జె షెడ్యూలులో ఎయిడ్స్ ఉన్నది. దానిని నయం చేస్తామని చెప్పి మందు అమ్మడం చట్టవిరుద్ధం. అయినా అమ్ముతూనే ఉన్నారు. అటువంటి ఒక కషాయాన్ని నమ్మి ఏ.ఆర్.టి. మాత్రలు మానిన యువకుడు ఎనిమిది నెలలకు క్షయతో నా వద్దకు వచ్చాడు. అతడిని తిరిగి ప్రభుత్వ కేంద్రానికి పంపడమే నేను చేయగలిగిన వైద్యం.

టీకా లేకపోయినా మార్గం మూసుకుపోలేదు. ఆరు నెలలకొకసారి ఇచ్చే లెనకాపవిర్ అనే సూదిమందును దక్షిణాఫ్రికా, ఉగాండాలలో 2,134 మంది స్త్రీలకు ఇవ్వగా ఒక్కరికి కూడా హెచ్.ఐ.వి. సోకలేదని 2024లో వెల్లడైనది. అది టీకా కాదు, ముందుజాగ్రత్త మందు. దానిని తక్కువ ధరకు తయారు చేసే అనుమతి పొందినవారిలో హైదరాబాదు సంస్థలూ ఉన్నాయి.

ఇక వ్యాధి సోకినవారు బలం కోసం ఏదైనా మూలిక వాడదలిస్తే ఏ.ఆర్.టి. వైద్యునికి తప్పక చెప్పాలి. వెల్లుల్లి గుళికలు సాక్వినవిర్ అనే పాత మందు మోతాదును రక్తంలో సగానికి తగ్గించినట్లు 2002లో ప్రచురితమైన అమెరికా పరిశోధన తెలిపింది. మనం నిత్యం పోపులో వేసే వెల్లుల్లి!