గాలి మింగే లారీ

ఇంటిల్లిపాదీ చదువుకునే యీ పత్రికలో లారీ గొడవ యెందుకని కొందరు అనుకోవచ్చు. కాని హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల మన తెలుగిళ్ళలో లారీని నమ్ముకొని బ్రతికేవారు తక్కువ మంది కారు. లారీ దారిలో నిలబడిపోతే ఆ సంగతి ముందుగా తెలిసేది ఇంట్లోని పొయ్యికే. అదీగాక మేము చెప్పబోయేది లారీ సంగతి యెంతో, ఒక మనిషి పరువు సంగతి కూడా అంతే.

మేము లారీ ఆఫీసులో గుమాస్తాగిరీ చేస్తున్నాము. చదివినది మెట్రిక్యులేషను. తెలుగులో ఆలోచించి తమిళంలో బిల్లులు వ్రాయడం మా వృత్తి. స్పానరు పట్టిన చెయ్యి కాదు మాది. మా బావగారికి ఒకే ఒక పాత లారీ వున్నది. ఆరు సిలిండర్ల ఇంజను, పాతకాలపు వరుస పంపు. ఇరవై యేళ్ళుగా దానికి ఒకడే డ్రైవరు. మనవాడే. మమ్మల్ని ‘అన్నా’ అనీ, బావగారిని ‘అయ్యా’ అనీ పిలుస్తాడు.

నిరుడు వేసవిలో ఆ లారీ సేలంలో సరకు వేసుకొని వస్తూ తొప్పూరు ఘాటు యెక్కుడులో ఆగిపోయింది. డ్రైవరు చేతిపంపు కొట్టి, గాలి తీసి, యెలాగో ఊరు చేర్చాడు. కొన్నాళ్ళకు మళ్ళీ అదే ఘాటులో. మూడోసారి ఆగిన తరువాత వర్కుషాపువారు ఇంజెక్షను పంపును విప్పి కాలిబ్రేషనుకు పంపించారు. బిల్లు 18,000 రూపాయలు. పంపు తిరిగివచ్చి బిగించిన వారానికే లారీ నాలుగోసారి ఘాటులో నిలబడింది. అప్పుడు బావగారు అనకూడని మాట అన్నారు: “బండి ఆగలేదప్పా, నువ్వే ఆపుతున్నావు. డీజిలు యెక్కడ అమ్ముకుంటున్నావో చెప్పు.” నాలుగు ట్రిప్పుల బత్తా కోయించారు. ఆ కోతను పుస్తకంలో వ్రాసినది మా చెయ్యే. డ్రైవరు కేకలు వేయలేదు. “లెక్కంతా మీ దగ్గరే వుంది గదా అన్నా, ఒకసారి చూడండి” అని మాత్రం అని వెళ్ళిపోయాడు.

ఆ మాట మమ్మల్ని ఆ రాత్రి నిద్రపోనివ్వలేదు.

మేస్త్రీలు యీ జబ్బును ‘ఏర్ పిడిచ్చిరుక్కు’ అంటారు. మొదట విన్నప్పుడు మా తెలుగు చెవికి లారీకి యే ఏరు అడ్డం వచ్చిందా అనిపించింది. వారు చెప్పేది ఎయిరు, అనగా గాలి. డీజిలు దారిలో గాలి చేరితే ఇంజను యెందుకు ఆగాలి? డీజిలును నొక్కితే అది నలగదనే చెప్పాలి, గాలి నలుగుతుంది. సైకిలు పంపు మూతిని వేలితో మూసి కొట్టి చూడండి, పిడి కొంతదూరం దిగి వెనక్కు తన్నుతుంది. అదే పంపులో నీళ్ళు నింపి మూస్తే పిడి కదలదు. ఇంజెక్టరు తెరుచుకొని డీజిలును మంచుతుంపరలా చిమ్మాలంటే మన చుట్టూ వున్న గాలి వత్తిడికి సుమారు 200 రెట్ల వత్తిడి కావాలి. పంపులో బుడగ వుంటే ఆ బలమంతా బుడగను నలపడానికే పోతుంది. ఇంజెక్టరు నోరు విప్పదు, ఇంజను పస్తుంటుంది.

గాలి యెక్కే చోటును పట్టుకోవడమే కష్టం. టాంకీ నుంచి ఫీడుపంపు వరకు వున్నది పీల్చే దారి. అక్కడ సందు వుంటే డీజిలు బయటికి కారదు, బయటిగాలే లోపలికి పోతుంది. కొబ్బరిబొండంలో పెట్టిన స్ట్రా చీలితే పిల్లవాడి నోట్లోకి నీళ్ళకు బదులు గాలి రావడం చూశాము గదా, అది అదే. కనుక తడి కోసం వెదికేవాడికి దొంగ దొరకడు. ఫీడుపంపు దాటిన తరువాతది తోసే దారి. అక్కడ సందు వుంటే ఇంజను నడిచేటప్పుడు డీజిలు చెమ్మ కనిపిస్తుంది. బండి నిలిపిన తరువాత ఆ సందులోంచే గాలి యెక్కి, డీజిలు టాంకీకి దిగజారుతుంది. రాత్రి బాగా వున్న బండి తెల్లవారి సెల్ఫు కొట్టి కొట్టి బ్యాటరీ దిగిపోయేదాకా అంటుకోకపోయి, చేతిపంపు కొట్టిన వెంటనే అంటుకుంటే గాలిమీదనే అనుమానం పెట్టవలసివుంటుంది.

ఇవన్నీ మాకు తరువాత తెలిసినవి. ఆ రాత్రి మా దగ్గర వున్నది ట్రిప్పు పుస్తకం ఒక్కటే. ఆగిన నాలుగు ట్రిప్పులూ, ఆగని ట్రిప్పులూ పక్కపక్కన పెట్టి, యే తేదీన యే బంకులో యెన్ని లీటర్లు పోయించినదీ, అప్పటికి యెన్ని కిలోమీటర్లు నడిచినదీ వ్రాసుకుంటూ పోయాము. లెక్క తేలేసరికి ఒళ్ళు జలదరించింది. టాంకీ నింపిన రోజున లారీ ఒక్కసారి కూడా ఆగలేదు. ఆగిన నాలుగుసార్లూ టాంకీ సగానికి దిగివున్నది, నాలుగుసార్లూ యెక్కుడే. డీజిలు అమ్ముకునేవాడికి నిండు టాంకీ వున్న రోజే గదా సులువు!

ఆ కాగితం పట్టుకొని బావగారి దగ్గరకు పోలేదు. ముందు బస్టాండు వెనుక షెడ్డులో వున్న ముసలి మేస్త్రీకి చూపించాము. ఆయన కళ్ళద్దాలు సవరించుకొని చూసి, “పంపును యెవడు విప్పమన్నాడు సామీ?” అన్నాడు. మైకో కంపెనీ పేరు 2008లో బాష్ లిమిటెడ్ అయినా, వరుస పంపు అంటే ఆయన నోట యిప్పటికీ ‘మైకో పంపే’.

ఆయన చేసినది చాలా చిన్న పని. టాంకీ నుంచి వచ్చే గొట్టాన్ని ఫీడుపంపు దగ్గర విప్పేసి, అయిదు లీటర్ల క్యానులో శుభ్రమైన డీజిలు పోసి, దాన్ని క్యాబిను పక్కన గట్టిగా కట్టి, వేరే గొట్టంతో నేరుగా ఫీడుపంపుకు కలిపాడు. ఆ గొట్టం లోపల కనిపించే ప్లాస్టిక్‌ది. బరువుతోనే బండిని దగ్గరలోని యెక్కుడు మీద తిప్పించాడు. గొట్టంలో ఒక్క బుడగ లేదు, ఇంజను ఒక్కసారి దగ్గలేదు. అంటే పంపూ, ఫిల్టర్లూ నిర్దోషులు. తప్పు టాంకీకీ ఫీడుపంపుకూ మధ్యన వున్నది. పదునెనిమిది వేలు యెందుకు పోసినట్టో అప్పుడు తెలిసింది.

మధ్య దారిలోని రబ్బరు గొట్టం మార్చాడు, క్లిప్పులు మార్చాడు. టాంకీ గొట్టం మళ్ళీ కలిపితే బుడగలు మళ్ళీ వచ్చాయి. చివరకు టాంకీలోపలికి దిగే పీల్చుడు పైపును బయటికి తీశాడు. చూపుకు బాగానే వున్నది. కింది మూతిని రబ్బరుతో మూసి, బకెట్టు నీళ్ళలో ముంచి, పై నుంచి సైకిలు పంపుతో మెల్లగా గాలి పంపితే, పైపు నడుమన బుడగలు వరుసకట్టాయి. వెంట్రుక వాసి పగులు. టాంకీ నిండుగా వుంటే ఆ పగులు డీజిలులో మునిగి వుండి, డీజిలునే పీల్చేది. మట్టం సగానికి దిగితే పగులు అంచుకు వచ్చేది. సమతలం మీద చేరే కొద్ది బుడగలు ఓవర్‌ఫ్లో దారిన టాంకీకి తిరిగిపోయేవి. యెక్కుడులో డీజిలు టాంకీ వెనక్కు జరిగి పగులు పూర్తిగా బయటపడేది, పైగా ఇంజను ఆకలి అప్పుడే యెక్కువ.

పైపును అతికించవద్దు, కొత్తది వెయ్యమన్నాడు మేస్త్రీ. టాంకీకి బిగించి వుండగా వెల్డింగు సంగతి తలపెట్టవద్దనీ, డీజిలు ఆవిరి నిండిన టాంకీ బాంబుతో సమానమనీ ఆయన హెచ్చరిక. విప్పిన ప్రతి బాంజో బోల్టుకూ కొత్త రాగి వాషర్లు వేశాడు. పాతవే నొక్కి నొక్కి బిగించేవారున్నారు. నలిగిన వాషరు యెంత బిగించినా అతకదు, మర మాత్రం పోతుంది. తరువాత గాలి తీశాడు: ముందు ఫిల్టరు మీది స్క్రూ వదులుచేసి, నురుగు పోయి నిండు ధార వచ్చేవరకు చేతిపంపు కొట్టి బిగించాడు, పిమ్మట పంపు మీది స్క్రూ. ఆఖరున చేతిపంపు పిడిని అడుగుదాకా తిప్పి బిగించాడు. చాలామంది యీ పిడిని మరచి వదిలేసి, అక్కడినుంచే గాలి యెక్కించుకుంటారట. ఇంజను నడుస్తూండగా ఇంజెక్టరు పైపుల కారుడును వేలితో తడిమి చూడకూడదు. ఆ ధార చర్మంలోకి దూరిపోతుంది. గాయం చీమ కుట్టినంతే కనిపించినా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తవలసినదే. ఇక యిప్పటి కామన్‌రైలు లారీలలో ఆ గొట్టాల నట్లు వదులుచేసి గాలి తీసే పద్ధతి పనికిరాదు. అక్కడి వత్తిడి మరీ భయంకరం, వాటికి కంపెనీ చెప్పిన పద్ధతే గతి.

బావగారికి కాగితమూ, పగిలిన పైపూ రెండూ కలిపి చూపించాము. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత డ్రైవరును పిలిపించి, “ఈసారి సగం టాంకీతోనే ఘాటెక్కి రాప్పా” అన్నారు. క్షమించమని నోరు విడిచి అడగడం ఆయన పుట్టుకలోనే లేదు. డ్రైవరుకు అది తెలుసు. సగం టాంకీతో పోయి, మర్నాడు తెల్లవారేసరికి ఆఫీసు ముందు బండి నిలిపాడు.

ఆ పూటే నాలుగు ట్రిప్పుల బత్తాను తిరిగి జమ వేశాము. ‘వివరం’ అనే గడిలో యేమి వ్రాయాలో కాసేపు తోచలేదు. చివరకు ‘పైపు పగులు, డ్రైవరు తప్పు లేదు’ అని వ్రాసి, బావగారి చేత సంతకం పెట్టించాము.