ప్రజల పటములకు తాళములేల?

ప్రజల పన్నులతో తయారైన పటము ప్రజల పనికి రాకున్నచో నింకెవరికొఱకు? రక్షణ రహస్యములు మినహా, ప్రజాధనముతో సేకరించిన భూపట సమాచారము దేశీయులందఱకును సులభముగ లభింపవలెనని 2021 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వము మార్గదర్శకములు వెలువరించినది. సూత్రము మంచిదే, ఆచరణము కావలయును. చెరువు శిఖము హద్దు నీటిపారుదల శాఖ యెఱుగును. ఇంటి కనుమతి పురపాలక సంఘ మిచ్చును. దస్తావేజును రిజిస్ట్రారు నమోదు చేయును. ఈ మువ్వురును ఒకే డిజిటల్ పటమును చూడనిచో, చెరువు గర్భమున లేచిన యింటికిని అన్ని ముద్రలును పడును. పిదప వాన తన పాత హద్దును తానే చూపును. 2020 అక్టోబరు వరదలలో హైదరాబాదు దానిని కన్నులార చూచినది. యజమానుల పేర్లు గోప్యముగ నుండుగాక. చెరువు హద్దును దాచు హక్కు ఏ శాఖకును లేదు. క్రొత్త పటములకు మరల సొమ్ము వెచ్చించుటకు ముందు ఉన్నవానిని కలుపుడని మీ పురపాలక సభ్యులను నిలదీసి యడుగుడు.