పట్టికయే పాటయైన వేళ

నిరసనగీతమన్నచో ఆక్రోశమును వెదకెడివారికి 1981లో పశ్చిమ జర్మనీనుండి ‘క్రాఫ్ట్‌వెర్క్’ బృందము వెలువరించిన ‘కంప్యూటర్‌వెల్ట్’ నిరాశనే కలిగించును. యంత్రమువంటి చల్లని కంఠము ఇంటర్‌పోల్, ఎఫ్.బి.ఐ., స్కాట్లండ్‌యార్డు మొదలగు పేర్లను వరుసగా చదువును. కచేరీలు మన పేర్లు చదువు తీరుననే పాట వాటి పేర్లు చదువుచున్నది! నా మట్టుకు శాపనార్థములకన్న ఈ పట్టికయే భయంకరము.

అది ఊహామాత్రమును కాదు. ఉగ్రవాదులను పట్టుటకై 1979లో అచటి పోలీసులు విద్యుత్తు బిల్లుల లెక్కలను సైతము కంప్యూటరుచే జల్లెడ పట్టించిరి. 1983లో జనాభా లెక్కల ప్రశ్నలపై ప్రజలు తిరగబడిరి. తన వివరములు ఎవరికెంత తెలియవలెనో నిర్ణయించుకొను హక్కు మూలతః పౌరునిదేయని రాజ్యాంగ న్యాయస్థానము డిసెంబరు 15న తీర్పు చెప్పినది. పాటవలననే ఈ తీర్పు వచ్చినదని నేననను. రెండేండ్లు ముందుగా వినిపించినదందును. సవరించిన గణన 1987లోగాని జరుగలేదు.