బల్ల మీద జవాబు పత్రాలు



2022వ సంవత్సరపు టేబుల్ టెన్నిస్ విజేతల పట్టికను నిన్న తీరికగా చూచాను. చెంగ్డూలో జరిగిన ప్రపంచ జట్ల పోటీలలో పురుషుల, స్త్రీల విజయాలు రెండూ చైనావే. అందులో వింత లేదు. నా మనస్సు నిలిచినది బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల దగ్గర. 2006లో మెల్‌బోర్న్‌లో సింగిల్స్ స్వర్ణం గెలిచిన ఆచంట శరత్ కమల్, పదహారేండ్ల తరువాత, నలుబదేండ్ల వయస్సులో మరల దానిని గెలిచాడు. హైదరాబాదు అమ్మాయి ఆకుల శ్రీజతో కలసి మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం, పురుషుల జట్టుతో మరొక స్వర్ణం!

ఇద్దరి ఇంటిపేర్లూ తెలుగువే అని మురిసిపోయాను. మరుక్షణమే సిగ్గు కలిగింది. శరత్‌కు ఆట అబ్బినది చెన్నపట్నంలో, తండ్రి శ్రీనివాసరావు శిక్షణలో. మా గూడూరునుండి ఆ ఊరు రైలులో ఎంతో దూరం కాదు. కాని నేను పాఠం చెప్పిన ఒక బడిలో టేబుల్ టెన్నిస్ బల్లపై ఏండ్ల తరబడి జవాబు పత్రాలు దిద్దుకున్నాము. వల ఏమైనదో ఎవరమూ అడుగలేదు. ఆడుకుంటామన్న పిల్లలను "పోయి చదువుకోండి" అని పంపినవారిలో నేనూ ఒకడిని.

ఇంటిపేరు చూచి గర్వించడం సులభం. బల్లను ఖాళీ చేసి పిల్లలకు అప్పగించడమే మన వంతు పని. మీ ఊరి బడిలో బల్ల ఉన్నదా? దానిపై ఏమున్నది?