బ్యాంకు ఇవ్వని 4.5 లక్షలు

రిజిస్ట్రేషన్ ఛార్జీల మాట ఎత్తినప్పుడల్లా ఒకటే వాదన వినిపిస్తుంది. 60 లక్షలు పెట్టి ఫ్లాటు కొనేవాడికి 7.5 శాతం ఓ లెక్కా అని. ఈ వాదన తప్పు. ఎందుకు తప్పో చెప్పే నిబంధన 2012 నుంచీ అందరి కళ్లెదుటే ఉంది.

ఇంటి విలువలో స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చులు కలిపి రుణం లెక్కగట్టొద్దని ఆ ఏడాది రిజర్వు బ్యాంకు బ్యాంకులను ఆదేశించింది. తర్వాత 10 లక్షల లోపు ఇళ్లకు మాత్రం సడలించింది. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఆ ధరకు ఫ్లాటు ఎక్కడుంది? 60 లక్షల ఫ్లాటుకు బ్యాంకు ఇచ్చేది మహా అయితే 80 శాతం దగ్గరే ఆగుతుంది, అంటే 48 లక్షలు. మిగతా 12 లక్షలు కొనేవాడు తెచ్చుకోవాలి. దాని మీద 4.5 లక్షల చలానా. ఇది 20 ఏళ్ల వాయిదాల్లో సర్దుకునే ఖర్చు కాదు, స్లాట్ బుక్ చేసుకునే నాటికి చేతిలో ఉండాల్సిన సొమ్ము. దానికోసమే చిట్టీలు నష్టానికి పాడుకుంటారు, ఇంట్లో బంగారం తాకట్టుకు వెళ్తుంది, ఎక్కువ వడ్డీకి పర్సనల్ లోన్ తీసుకుంటారు. పోల్చాల్సింది ఇంటి ధరతో కాదు, ఆ 12 లక్షలతో. అలా చూస్తే భారం 37.5 శాతం.

2021 జులైలో తెలంగాణ ఈ ఛార్జీలను 6 నుంచి 7.5 శాతానికి పెంచింది. ఆంధ్రప్రదేశ్‌లోనూ మొత్తం అంతే. పెంచినా రిజిస్ట్రేషన్లు ఆగలేదు కదా అంటారు. ఆ 37.5 శాతం సమకూర్చుకోలేక వెనక్కి తగ్గినవాడి పేరు ఏ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు రికార్డులో ఉంటుంది? ఉప్పల్‌లో ఫ్లాటున్న ఉద్యోగికి ఆఫీసు గచ్చిబౌలిలో పడిందనుకోండి. అమ్మి అక్కడ కొనుక్కుందామంటే మళ్లీ 7.5 శాతం. అందుకే రోజూ నగరం ఈ చివర నుంచి ఆ చివరకు తిరుగుతాడు. అతను ఖాళీ చేస్తే మరొకరికి దొరకాల్సిన ఇల్లు మార్కెట్లోకే రాదు.

మహారాష్ట్ర 2020 సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా స్టాంపు డ్యూటీని 5 నుంచి 2 శాతానికి తగ్గించింది. ముంబయిలో అంతకుముందు డిసెంబరులో 6 వేల పైచిలుకు ఉన్న రిజిస్ట్రేషన్లు ఆ డిసెంబరులో 19 వేలు దాటాయి. గడువు కోసం తొందరపడి కొన్నవాళ్లు వాటిలో ఉన్నారు, కాదనను. 3 శాతం తేడాకే అంతమంది కదిలారంటే ఈ పన్ను లెక్కలోది కాదని ఎలా అంటారు?

ఖజానాకు డబ్బు కావాలి, నిజమే. ఖాళీ ప్లాట్లు పట్టుకుని ధర కోసం ఏళ్లకేళ్లు కూర్చున్నవాళ్ల దగ్గర ఏటా వసూలు చేయండి. ఉండటానికి ఇల్లు కొనుక్కునేవాడి డౌన్ పేమెంట్‌కు చిల్లు పెట్టడమెందుకు?

2005లో మొదలైన కేంద్ర పట్టణాభివృద్ధి పథకం జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం షరతుల్లో స్టాంపు డ్యూటీ 5 శాతం మించకూడదన్నది ఒకటి. హైదరాబాద్, విజయవాడ, విశాఖ ఆ పథకం నిధులు తీసుకున్నాయి. 2024 జులై బడ్జెట్లో కేంద్ర ఆర్థిక మంత్రి ఈ సుంకం తగ్గించమని రాష్ట్రాలను మళ్లీ అడిగారు. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలకూ ఈ సంగతి తెలుసు. మొదటి ఇంటికి మొత్తం ఛార్జీలు 5 శాతం దాటకూడదు. ఉన్న ఇల్లు అమ్మి ఏడాదిలోపు మరొకటి కొన్నవాళ్లకు పాత ఇంటిపై కట్టిన సుంకం కొత్తదానిలో మినహాయించాలి. అది కుదరదనే మంత్రులు, అధికారులు 7.5 గురించి చెప్పడం ఆపి, ఆ 37.5 శాతాన్ని మధ్యతరగతి ఎక్కడి నుంచి తేవాలో చెప్పాలి.