విద్యా వార్తలు: మన పొరుగు విశ్వవిద్యాలయం

మారికుప్పంలో రైలెక్కి, బంగారుపేటలో బండి మారి, జోలార్‌పేట దారిన పోతే కుప్పం వస్తుంది. మన గనులకు యింత దగ్గరలో తెలుగు చెప్పే విశ్వవిద్యాలయం వున్నా, మన కుటుంబాలలో దాని వూసే వినపడదు. అందుచేత యీ నెల ఆ సంగతులే మనవి చేస్తున్నాము.

ద్రావిడ విశ్వవిద్యాలయాన్ని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1997లో స్థాపించింది. కర్ణాటక, తమిళనాడు, కేరళ రాష్ట్రాలు చేయి కలిపాయి. కుప్పం మూడు రాష్ట్రాల పొలిమేరలు కలిసే చోటు. మొదటి వైస్ చాన్సలరు ఆచార్య పి.వి. అరుణాచలం గారు గణితశాస్త్రజ్ఞులు. భాషల విద్యాలయానికి లెక్కల పంతులుగారు పునాది వేయడం విశేషమే! తెలుగు, తమిళం, కన్నడం, తుళు, భాషాశాస్త్రం, జానపదం, చరిత్ర అక్కడ ఒకే ఆవరణలో వున్నాయి. ఇంట్లో తెలుగు, పక్కింట్లో తమిళం, బజారులో కన్నడం మాట్లాడుతూ పెరిగిన మనకు యిది కొత్త కాదు. మనం గని లైన్లలో నేర్చిందే వారు శాస్త్రంగా చెబుతున్నారు.

2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. నాటి నుంచి మన పిల్లలెందరో బెంగుళూరు రైళ్ళ మీదనే బతుకుతున్నారు. తెలుగు చక్కగా మాట్లాడతారు, అక్షరం మాత్రం చదవలేరు. తాతగారి వుత్తరాలు పెట్టెలో వుండి, చదివి చెప్పేవారు లేని యిళ్ళు మేమెరుగుదుము. మాట నోటితోనే బతకవచ్చు. ఆ పెట్టెలోని సంగతులు మాత్రం అక్షరం రానిదే మనవల చేతికి అందవు.

డిగ్రీ చదివేవారికి: మన జిల్లా కాలేజీలు 2017 నుంచి కోలారు టమకలోని బెంగుళూరు ఉత్తర విశ్వవిద్యాలయం కిందికి వచ్చాయి. డిగ్రీ ముగించి కుప్పంలో ఎం.ఏ. చేయదలచినవారు ఎ.పి. పీజీసెట్ ప్రకటన కనిపెట్టి వుండాలి. పొరుగు రాష్ట్రంవారికి గల నిబంధనలు ముందే విచారించుకోవడం మంచిది.

గుర్తుంచుకోదగిన తేదీలు: ఆగస్టు 29, గిడుగు రామమూర్తి పంతులుగారి జయంతి, తెలుగు భాషా దినోత్సవం. ఫిబ్రవరి 21, అంతర్జాతీయ మాతృభాషా దినోత్సవం.

ఆగస్టు 29న పిల్లలతో కుప్పం వెళ్ళి రావాలని మా సూచన. కార్యక్రమాల వివరాలు తెలుగు శాఖవారిని ముందుగా అడిగి బయలుదేరుదాము. రాదలచినవారు మన కార్యదర్శి గారికి పేర్లివ్వండి. ఆలోగా పిల్లలచేత ఓనమాలు దిద్దించడం తల్లిదండ్రుల వంతు.